అక్క తుడిచిన గోడలు

మార్చి 3, సోమవారం

అక్క ఫోన్ చేసింది. ఇల్లు ఒకసారి చూసి పెట్టమంది.

ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళూ చూస్తాను. పాత చెక్క ఇల్లు కొనాలన్నా, అమ్మాలన్నా, బాగుచేయించాలన్నా చెదలు ఉన్నాయో లేవో తేల్చేది నేనే. వడ్రంగులు ఎదురుగా చెదల మేడమ్ అంటారు. వెనక ఏమంటారో వినలేదు, వినాలనీ లేదు. నా పని నాకు బాగా వచ్చు. ఇన్నేళ్ళలో అక్క మాత్రం ఒక్కసారి కూడా పిలవలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా.

ఇప్పుడెందుకు పిలిచిందంటే, మేడ మీద హాల్లో పిల్లల డే కేర్ పెడుతోంది. వచ్చే నెల ఒకటో తారీకున ఓపెనింగ్. చుట్టుపక్కల అమ్మలందరూ అప్పుడే మాట ఇచ్చేశారట. లైసెన్సు ఆఫీసు వాళ్ళు ఇల్లు చెక్కది కాబట్టి చెదల రిపోర్టు కావాలన్నారట. చెల్లెలు ఉండగా బయటివాళ్ళెందుకు అంది. సంతకం పెట్టడానికి ఎంతసేపు, వచ్చి కాఫీ తాగి వెళ్ళు అని కూడా అంది.

కాఫీ తాగుతాను. సంతకం సంగతి ఇల్లు చెప్పాలి.

మార్చి 6, గురువారం

నాకు ఆ ఇల్లంటే ఇష్టం. పెళ్ళైన కొత్తలో అక్కా బావా కొనుక్కున్నారు. నేలకి ఆనకుండా, పొట్టి స్తంభాల మీద నిలబెట్టిన పాతకాలపు కట్టడం. పాకుతూ వెళ్తే ఇంటి కిందంతా తిరిగి రావచ్చు. ప్రతి స్తంభం నెత్తిన ఒక రేకు టోపీ ఉంటుంది. ఆ రేకు చెదను ఆపుతుందని అందరూ అనుకుంటారు. ఆపదు. చెద నేలలోంచి పైకి రావాలంటే ఆ రేకు అంచు దాటి రావాలి, అప్పుడు మట్టితో గొట్టం కట్టుకుంటూ వస్తుంది, అది మన కంట్లో పడుతుంది. దొంగ రాకుండా ఆపలేని కుక్క కనీసం మొరిగినట్టు. ఈ ముక్క కస్టమర్లకి చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

ఓవరాల్ తొడుక్కుని, టార్చి పట్టుకుని కిందకి దూరాను. బట్టలు పాడవుతాయి, చాప వేయనా అన్నాడు బావ. చాప మీద పడుకుని చెదలు చూసే ఇన్‌స్పెక్టర్ని ఎక్కడైనా చూశారా అన్నాను.

చాప అక్కర్లేదని కిందకి వెళ్ళాక తెలిసింది. ఇంటి కింద సాలెగూడు కూడా లేదు. స్తంభాలు తళతళలాడుతున్నాయి. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూస్తే చాలా చోట్ల గట్టి శబ్దమే వచ్చింది. మేడ మీద బాత్‌రూమ్ ఉన్న మూల, సరిగ్గా దాని కింద మాత్రం తేమ మీటరు ముల్లు ఎగిరి కూర్చుంది. పైన ఎక్కడో పైపు కారుతోంది. అంత తేమ ఉన్నచోట చెద ఉండి తీరాలి. కానీ గొట్టం లేదు, రాలిన చెద రెక్క ఒక్కటి లేదు.

నా సర్వీసులో ఇంత శుభ్రమైన ఇల్లు చూడలేదు. అనుమానం వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

కాఫీ దగ్గర బయటపడింది.

ఇన్‌స్పెక్షన్ అని అక్క నాలుగు రోజులుగా ఇల్లు కడుగుతోందట. నేను వచ్చేదాకా చీపురు ముట్టుకోవద్దని కస్టమర్లందరికీ ఫోన్లోనే చెప్తాను. అక్కకి చెప్పలేదు. అక్క కూడా కస్టమరేనని నాకు తోచలేదు.

నాలుగు రోజులేమిటి, మీ అక్క రోజూ పొద్దున్నే ఇంటి కింద స్తంభాలు కూడా తడిగుడ్డతో తుడుస్తుంది అన్నాడు బావ, మెచ్చుకుంటూ. అక్క అందుకుంది. ఈ ఇంట్లో ఏదో ఎర్రమట్టి దుమ్ము చారలు చారలుగా పాకుతూ ఉంటుందట. బాత్‌రూమ్ వైపు మరీ ఎక్కువట. తను మాత్రం పొద్దున కనిపించిన చారని మధ్యాహ్నం దాకా ఉండనివ్వదట. పక్కింటి వాళ్ళ గోడలు చూస్తే వాంతి వస్తుందట.

కాఫీ గొంతులో అడ్డం పడింది. ఏమైందని అడిగింది. వేడిగా ఉందన్నాను.

మీటరు ఇంకోసారి పెట్టి చూడాలి, రిపోర్టు తర్వాత ఇస్తానని చెప్పి వచ్చేశాను. మీటరు అవసరం లేదు. అక్కతో ఆ మాట అనడానికి నాకు ఒక రాత్రి నిద్ర కావాలి, అంతే.

మార్చి 7, శుక్రవారం

నిద్ర పట్టింది. పొద్దున్నే ఫోన్ చేసి కుండబద్దలు కొట్టాను. నువ్వు తుడిచింది దుమ్ము కాదు, చెద వేసుకున్న దారి అన్నాను.

మా ఇంట్లో చెదలా అంది. మా వంశంలో దొంగలా అన్నట్టుంది ఆ గొంతు. సరే, నువ్వే తేల్చు అన్నాను. వారం రోజులు తడిగుడ్డ, చీపురు ముట్టుకోకు. చారలు రాకపోతే వచ్చి సంతకం పెడతాను, నీ కాళ్ళు కూడా పట్టుకుంటాను.

ఈలోపల ఎవరైనా ఇంటికొస్తే అని అడిగింది. నా పేరు చెప్పమన్నాను. నీ పేరు చెప్తే ఇల్లు శుభ్రమవుతుందా అంది.

బావకి కాపలా డ్యూటీ వేశాను. పాము చావకుండా, కర్ర విరగకుండా బతకడం ఆయన పాలసీ. అయినా ఒప్పుకున్నాడు.

మార్చి 9, ఆదివారం

తుడిచేసిందట.

మార్చి 10, సోమవారం

పూర్తిగా కాదు. బావ స్నానానికి వెళ్ళిన సందు చూసి కింద హాలు, వరండా అయిపోగొట్టిందట. బాత్‌రూమ్ వైపు వెళ్ళబోతుంటే ఆయన ఒంటి మీద సబ్బుతోనే పరిగెత్తి ఆపాడట. చీపుర్లు, గుడ్డలు అన్నీ కారు డిక్కీలో వేసి తాళం పెట్టాడట. ఇద్దరు అక్కచెల్లెళ్ళ మధ్య తన బతుకు అడకత్తెరలో పోకచెక్క అయిందని వాపోయాడు.

అక్క ఇప్పుడు కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంటోందట, మూలలు కనపడకుండా. కడుపుబ్బ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ టీచరుగా ఎవరి స్కూల్లోనో ఎవరి బోర్డో తుడిచి వచ్చిన మనిషి. ఇంటికొచ్చి తుడుచుకున్న ఈ గోడలు ఒక్కటే తనవి. ఇప్పుడు ఆ డే కేర్ తనదనుకునే రెండోది కావాలి. అక్క మీద జాలేసింది.

జాలితో రిపోర్టు రాయకూడదు.

మార్చి 14, శుక్రవారం

వెళ్ళాను. ఉంది.

బాత్‌రూమ్ మూల కింద స్తంభం మీద, చిటికెన వేలంత లావున మట్టి గొట్టం. రేకు టోపీ అంచు చుట్టి దర్జాగా పైకెక్కి దూలంలోకి వెళ్ళిపోయింది. గోటితో ఒక చోట గిల్లాను. లోపల తెల్లటి పురుగులు, బియ్యపు నూకల్లా, అటూ ఇటూ పరుగు.

అక్కని రమ్మన్నాను. ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. కొంగు దోపుకుని, మోకాళ్ళ మీద పాకుతూ నా పక్కకి వచ్చింది. చూసింది. రోజూ నేను తుడిచింది దీన్నేనా అని అడిగింది. దీన్నే అన్నాను. నువ్వు పగలు తుడిచావు, అవి రాత్రి కట్టుకున్నాయి, ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఒక్కరూ సెలవు పెట్టలేదు అన్నాను.

నవ్వబోయి ఆపుకుంది. పైదాకా వెళ్ళాయా అని అడిగింది. విప్పి చూస్తేనే తెలుస్తుందన్నాను. విప్పు అంది. ఆ ఒక్క మాటకి అక్క మీద నాకు పెద్ద గౌరవం కలిగింది.

మార్చి 17, సోమవారం

వడ్రంగిని తీసుకుని వెళ్ళాను.

మేడ మీద హాలు చూడడం ఇదే మొదటిసారి. బావ గోడలకి పసుపు రంగు వేశాడు. బ్యాగులు తగిలించుకోవడానికి నా నడుము ఎత్తులో కొక్కేలు. మూల పొట్టి పొట్టి కుర్చీలు ఒకదాని మీద ఒకటి. వడ్రంగి నేల పలక ఎత్తబోతుంటే గీతలు పడకుండా చూడమంది అక్క.

మూడు పలకలు లేపాం. హాలు మొత్తాన్ని మోసే పెద్ద దూలం బయటపడింది. పైకి నున్నగా, పెయింటుతో పెళ్ళికొడుకులా ఉంది. పిడితో కొట్టాను. ఖాళీ అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. స్క్రూడ్రైవర్ మొన ఆనించాను, అంతే, నొక్కలేదు కూడా. పిడిదాకా దిగిపోయింది. మేడమ్, కొంచెం పక్కకి జరిగి నిలబడండి అన్నాడు వడ్రంగి.

ఆ దూలం నిలబడింది పెయింటు బలం మీద.

అక్కకి చెప్పాను. దూలం మార్చాలి, ఇంటి కింద మట్టికి మందు కొట్టించాలి, పైపు బాగుచేసి తేమ ఆరనివ్వాలి. వానాకాలం దాకా పడుతుంది. అప్పటిదాకా ఈ నేల మీద పిల్లలు నడవకూడదు.

గోడ పక్కన సగం హాలు వాడుకుంటానంది. వద్దన్నాను. మరీ చిన్నపిల్లల్నే తీసుకుంటాను, వాళ్ళకి బరువెంత అంది. వద్దన్నాను. కూర్చోబెట్టే ఉంచుతాను, పరిగెత్తనివ్వను అంది. పరిగెత్తని పిల్లల్ని నువ్వు ఎప్పుడు చూశావని అడిగాను.

అప్పుడు అనేసింది. పురుగులతో తిరిగి తిరిగి నీ మనసు కూడా అలాగే అయింది, పిల్లలున్నదానివైతే తెలిసేది అంది. వడ్రంగి టేపుతో ఏదో కొలుస్తున్నట్టు నటించాడు. బావ కిటికీలోంచి బయటకి చూశాడు.

ఏడుపొచ్చింది. వాళ్ళ ముందు ఏడవలేదు, ఇప్పుడు ఏడుస్తున్నాను. నాకు పిల్లలు లేకపోవడం గురించి ప్రపంచమంతా మాట్లాడింది, అక్క ఒక్కతే ఇన్నాళ్ళూ మాట్లాడలేదు.

రిపోర్టులో ఫెయిల్ అని రాసి, టేబుల్ మీద పెట్టి వచ్చాను. ఒక్క అక్షరం కొట్టివేయలేదు. అందుకు గర్వంగానే ఉంది.

మార్చి 18, మంగళవారం

అక్క ఫోన్ ఎత్తలేదు. నేనూ రెండోసారి చేయలేదు.

మార్చి 22, శనివారం

బావ నా ఆఫీసుకి వచ్చాడు. కాసేపు ఫ్యాను వైపు చూసి, కాసేపు నా చెప్పుల వైపు చూసి, అక్క ఇంకో ఇన్‌స్పెక్టర్ని పిలిపించిందని చెప్పాడు.

ఆ మహానుభావుడు నాకు తెలుసు. గేటు దగ్గర బండి కూడా దిగడు. ఇంటి వైపు ఒకసారి చూసి, బాగుందని రాసిచ్చి పోతాడు. అలాగే రాసిచ్చి పోయాడట. దానికి ముందు వడ్రంగి పలకలు మళ్ళీ బిగించేశాడట.

ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం లైసెన్సు ఆఫీసులో ఇచ్చిందా అని అడిగాను. ఇంకా లేదట. టీవీ కింద పెట్టిందట. వార్త చేరవేయడమే తన పని అన్నాడు బావ. రేపు ఆ నేల కూలితే ఆ వార్త మోసేది కూడా మీరే అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. అనకుండా ఉండాల్సిందేమో. అన్నాను కాబట్టి అన్నాను.

వెళ్తూ వెళ్తూ ఇంకొకటి చెప్పాడు. అక్క రోజూ మేడ ఎక్కి హాలు గుమ్మంలో నిలబడుతోందట. లోపల అడుగు పెట్టడం లేదట.

మార్చి 29, శనివారం

ఓపెనింగ్ తారీకు మారలేదు. ఒకటో తారీకు పొద్దున్నే పిల్లల్ని తీసుకురమ్మని అక్క అమ్మలందరికీ చెప్పిందట. చాపలు కొన్నదట, బొమ్మలు కొన్నదట. టీవీ కింద కాగితం ఇప్పుడు అక్కడ లేదట. ఎక్కడికెళ్ళిందని బావ అడిగితే, మీకెందుకని అడిగిందట.

నేను లైసెన్సు ఆఫీసుకి ఒక్క ఫోన్ చేస్తే చాలు. అక్కకి జన్మలో లైసెన్సు రాదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను. మళ్ళీ తీసుకున్నాను. అక్క కల చంపకూడదు, పిల్లలు ఆ నేల ఎక్కకూడదు. రెండూ జరగాలి. నా వల్ల కాకపోతే ఎవరి వల్ల అవుతుంది?

తేల్చేశాను. ఒకటో తారీకు అందరికంటే ముందు వెళ్ళి ఆ మేడ మెట్ల మీద కూర్చుంటాను. ఆ మెట్లు ఇరుకు, నేను వెడల్పు. నేను కూర్చున్నాక పిల్లి కూడా దాటలేదు. అక్క జుట్టు పట్టి లాగినా లేవను. చిన్నప్పుడు చాలాసార్లు లాగింది, ఎంత నొప్పి పుడుతుందో తెలుసు, భరించగలను.

మార్చి 31, సోమవారం

మెట్లు గట్టివి. దిండు ఒకటి బ్యాగులో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 1, మంగళవారం, ఉదయం

బ్యాగు తగిలించుకుని తలుపు తీస్తే గుమ్మంలో అక్క. వెనక చాపలు మోస్తూ బావ. ఆ వెనక పిల్లలు, అమ్మలు. లైసెన్సులో అడ్రసు మార్పించిందట. నా ఇంటి అడ్రసు. నన్ను అడగలేదు. నా మొహం చూడకుండా లోపలికెళ్ళి, సిమెంటు నేలని కాలితో ఒకసారి తన్ని చూసి, సోఫా గోడకి జరిపించింది.

నాతో ఇంకా మాట్లాడటం లేదు. పాలెక్కడున్నాయో ఆంటీని అడిగి రమ్మని ఒక పిల్లకి చెప్పడం వినపడింది. ఆ పిల్ల వచ్చింది, అడగాల్సింది మర్చిపోయింది, నా కుడి చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను.