ఆఖరి కుర్చీ ఎక్కడ వెయ్యాలి

జూన్ 4, పొద్దున

అమ్మడు పాడింది.

అదే రోజు, సాయంత్రం

పొద్దున ఆ ఒక్క ముక్క రాసి పెన్ను పక్కన పడేశాను. ఇప్పుడు కుదురుగా రాస్తాను.

అమ్మడి మెడలో గడ్డ తీసి ఏడాది దాటింది. గడ్డతో పాటు గొంతు నరం కూడా నలిగిందన్నారు. మాట తిరిగొచ్చింది, పాట రాలేదు. ఇంట్లో రేడియో పెడితే చాలు, వచ్చి కట్టేసేది. మేమూ ఆ ఊసెత్తడం మానేశాం. అలాంటిది ఈ పొద్దున పెరట్లో దుప్పటి ఆరేస్తూ తన పడవ పాట అందుకుంది. నేను గడ్డం గీసుకుంటున్నాను. మొహాన నురగతోనే పరిగెత్తాను. నన్ను చూసి టక్కున ఆపేసి, ఏంటి నాన్నా ఆ అవతారం, అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. సబ్బు కంట్లో పడిందన్నాను. మా ఆవిడ కిటికీలోంచి, సబ్బయితే ఒక కంట్లో పడుతుంది, రెండు కళ్లకీ సమానంగా పంచి పడదు, అంది.

గొంతు సన్నగా ఉంది. దారప్పోగులా ఉంది. ఉంటే ఉండనీ. తెగలేదు కదా. నా అంత అదృష్టవంతుడు ఈ వీధిలో లేడు. ఈ వీధేమిటి, ఎక్కడా లేడు.

జూన్ 7

బృందమంతా మా వరండాలో చేరింది. బృందమంటే నలుగురే. అమ్మడి పాట, మా అల్లుడి గిటారు, ఫిడేలమ్మాయి, చేతి డ్రమ్ము వాయించే టైలరు. అల్లుడు స్కూల్లో లెక్కల మాస్టారు. వాళ్లిద్దరూ మా పై వాటాలోనే ఉంటారు. ఏడాదిగా గిటారు గోడకే వేలాడింది.

లైబ్రరీ వాళ్లు మేడమీద హాల్లో ఈ నెలాఖరుకి ప్రోగ్రాం ఇస్తామన్నారట. అమ్మడు ఖాళీ కాఫీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతూ కూర్చుంది. టైలరు ఉండబట్టలేక, అమ్మా, మూర గుడ్డ ఇచ్చి చొక్కా కుట్టమన్నా కుడతాను గానీ, నువ్వు లేకుండా పాట కుట్టడం నా వల్ల కాదు, అన్నాడు. నువ్వు చొక్కాలే సరిగ్గా కుట్టవు కదా అన్నయ్యా, అంది ఫిడేలమ్మాయి. అమ్మడు నవ్వింది. నవ్వు ఆగాక, సరే అంది.

సరే అంది. ఇంకోసారి రాసుకుంటాను. సరే అంది.

జూన్ 9

గొంతు డాక్టరమ్మ దగ్గరికి అమ్మడూ నేనూ వెళ్లాం. పాడుకోవచ్చు గానీ పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు పాడాలంది. గట్టిగా లాగితే మిగిలిన కాస్తా పోతుంది, మళ్లీ నా దగ్గరికి వచ్చినా నేనేం చెయ్యలేను, దూరం మోసే పని మిషనుకి అప్పజెప్పండి, అంది.

కాబట్టి ఆంప్లిఫయర్ కావాలి. మా వాళ్లు ఇన్నేళ్లలో మైకు ముట్టుకోలేదు. దానికో పద్ధతి ఉంది, రాస్తాను.

నాది కుర్చీలు అద్దెకిచ్చే షాపు. ఇప్పుడు ఇంకొకాయన నడుపుతున్నాడు. అమ్మడు చిన్నప్పుడు నేను కుర్చీలు వేసిన చోటల్లా పాడేది. జనం రాకముందు తను స్టేజీ మీద పాట ఎత్తుకునేది, నేను ఒక కుర్చీ చంకన పెట్టుకుని, తన వైపే చూస్తూ వెనక్కి నడిచేవాడిని. మాట విడివిడిగా వినిపించే ఆఖరి చోట కుర్చీ వేసి చెయ్యెత్తేవాడిని. అదే ఆఖరి వరస. దాని వెనక ఇంకో కుర్చీ వేసేది లేదు, ఎవరెంత బతిమాలినా. పెళ్లయ్యాక, బృందం కట్టాక కూడా అదే పద్ధతి. వెనక గోడ అడ్డమొచ్చి ఆగడమే తప్ప, పాట అందక ఆగింది నాకు గుర్తు లేదు.

షాపు అప్పజెప్పినప్పుడు ఆ ఒక్క మడత కుర్చీ ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ దాని మీద వడియాల పళ్లెం పెడుతుంది. ఈరోజు తీయించి తుడిచాను.

జూన్ 12

మ్యూజిక్ షాపతను భలే మర్యాదస్తుడు. మా గోల విని రెండు ఆంప్లిఫయర్లు చూపించాడు. చిన్నది చేతిసంచీలా చంకన పెట్టుకుపోవచ్చు. పెద్దది స్టాండు మీద నిలబెట్టాలి. గొంతుకి వేరే, గిటారుకి వేరే, ఫిడేలుకి వేరే వైరు పెట్టుకోవచ్చు. చిన్నది ఒక్క గిటారుకైతే బాగుంటుంది పెద్దాయనా, గొంతుకి చాలదేమో, అన్నాడు. ఉత్త చెక్క వాయిద్యాల దగ్గర చిన్నదాన్ని ఎక్కువ పెంచితే కూత పెడుతుందట. రెండూ పట్టుకెళ్లి హాల్లో చూసుకోండి, నచ్చింది ఉంచుకోండి, అన్నాడు.

దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, మా అమ్మాయి పాడబోతోందని. పాలబ్బాయికి రెండోసారి చెప్పానట. మా ఆవిడ లెక్క పెడుతోంది.

జూన్ 13

ముందు పెద్దది పెట్టారు. అమ్మడు మెల్లగా పడవ పాట ఎత్తుకుంది. ఊపిరి తీసుకోవడం, గొంతులో గరగర, మధ్యలో జీర, అన్నీ నాలుగింతలై హాలంతా పరుచుకున్నాయి. అమ్మడి మొహం మాడిపోయింది. నా గొంతు ఇలా ఉందా, అంది.

తర్వాత చిన్నది. ఆహా. ఏ గరగరా లేదు. మా అమ్మడి గొంతు మా అమ్మడి గొంతులాగే ఉంది. నేను కుర్చీ చంకన పెట్టుకుని వెనక్కి నడిచాను. కిటికీలు దాటాను, పుస్తకాల బీరువా దాటాను, వీపుకి గోడ తగిలింది. ప్రతి మాటా వినిపిస్తోంది. కుర్చీ వేసి చెయ్యెత్తాను.

అల్లుడు నసిగాడు. ఖాళీ హాలు వేరు మామయ్యా, జనం నిండితే శబ్దం తాగేస్తారు, ఈసారి ఫిడేలమ్మాయిని గోడ దగ్గర నిలబెట్టి ఇంకోసారి చూద్దాం, అన్నాడు. నా వెనకే బీరువా దాకా వచ్చిన ఫిడేలమ్మాయి కూడా, అక్కడే తనకి సరిగ్గా అందలేదంది. అమ్మడు ఒప్పుకోలేదు. ఇన్నేళ్లూ ఎవరు చూశారు, నాన్న ఎక్కడ కుర్చీ వేస్తే అక్కడే, అంది. ఎంత ఠీవిగా అందో. ఆ మాటకి నాకు పొడుగు పెరిగినట్టయింది.

చిన్నదే ఉంచుకున్నాం.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, వంటింట్లో కుక్కరు నాలుగు కూతలు కూస్తే వినపడని మనిషికి లైబ్రరీ గోడ దగ్గర పాట వినపడిందా, అంది. కుక్కరు నా కూతురా, అన్నాను.

జూన్ 21

రోజూ ప్రాక్టీసు. నేను వరండాలో కూర్చుని వింటున్నాను. లోపల తలుపు వేసుకుంటారు, అయినా ఒక్క మాట పోదు నాకు.

జూన్ 27

చొక్కా ఇస్త్రీ చేయించాను. నలిగిందేమోనని మళ్లీ చేయించాను.

జూన్ 28

ఈరోజు రాయలేను.

జూన్ 29, మధ్యాహ్నం

రాయకపోతే లోపలే కుళ్లుతుంది. రాస్తాను.

హాలు నిండిపోయింది. మొదటి పాటకే వెనక వాళ్లు మెడలు ముందుకి చాచారు. నా పక్కనున్న పెద్దావిడ, పాడుతోందా అమ్మాయి, అని నన్నే అడిగింది. పాడుతోందమ్మా, నిశ్శబ్దంగా వినండి, అన్నాను. విసుక్కున్నాను కూడా. ఎవరో వినపడట్లేదండీ అని కేకేశారు. అల్లుడు వంగి నాబ్ తిప్పాడు. అది కుయ్యిమని ఒక కూత పెట్టింది. జనం చెవులు మూసుకున్నారు. అల్లుడు మళ్లీ తగ్గించాడు.

అప్పుడు అమ్మడు నా వైపు చూసింది. అంతమంది తలల మీదుగా, ఆఖరి కుర్చీలో ఉన్న నన్ను. నేను చెయ్యెత్తాను. అందుతోంది తల్లీ అని.

తను ఒకసారి జనం వైపు చూసింది, ఒకసారి నా వైపు. తర్వాత గొంతు పెంచింది. మెడ నరాలు కనిపించాయి. పడవ పాట రెండో చరణంలో గొంతు జీరబోయింది, విరిగింది, ఇక గాలే వచ్చింది. పెదాలు ఇంకా కదులుతున్నాయి. ఫిడేలమ్మాయి గభాల్న ఆ రాగాన్ని అందుకుని ఒడ్డుకి చేర్చింది. జనం చప్పట్లు కొట్టారు. మంచి జనం. ఆ చప్పట్లు వింటుంటే నాకు భూమిలోకి పోవాలనిపించింది.

జూలై 2

మాట్లాడొద్దని డాక్టరమ్మ అమ్మడికి కట్టడి చేసింది. పలక మీద రాస్తోంది. నన్ను చూసి నవ్వి, అన్నం తిన్నావా నాన్నా, అని రాసింది.

జూలై 6

ఆ చిన్న ఆంప్లిఫయర్ మీద ఎంత కోపమో చెప్పలేను. మోసపు మిషను. చంకన పెట్టుకుని షాపుకి వెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. షాపతను పాపం కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. పెద్దాయనా, చాలదని ఆ రోజే అన్నాను కదా, మీరే గోడ దాకా అందిందన్నారట, అన్నాడు. అందింది కాబట్టే అందిందన్నాను, అన్నాను. అతను నా చెవుల వైపు చూసి, ఏదో అనబోయి, మానేశాడు. ఏమీ పేచీ పెట్టకుండా మార్చి పెద్దది ఇచ్చాడు.

జూలై 26

డాక్టరమ్మ ఒక్క లైను పాడి చూడమందని అల్లుడు చెప్పాడు. మళ్లీ లైబ్రరీ హాలు. పెద్దది స్టాండు మీద పెట్టారు, వైర్లు పెట్టారు. అమ్మడు మైకు ముందు నిలబడింది. నేను కుర్చీ చంకన పెట్టుకున్నాను. అమ్మడు పాట ఎత్తుకుంది. ఎంత బాగుందో. జీర లేదు, గరగర లేదు. పెద్ద మిషను ఇంత మెత్తగా పలుకుతుందనుకోలేదు. డాక్టరమ్మ చెయ్యి మంచిదనుకున్నాను. గోడ దాకా నడిచాను. కుర్చీ వేసి చెయ్యెత్తాను. ఆనందం పట్టలేక రెండో చెయ్యి కూడా ఎత్తాను.

ఎవరూ కదల్లేదు. అల్లుడు ఏ వైరో వెతుకుతున్నట్టు వంగిపోయాడు. ఫిడేలమ్మాయి మొహం అటు తిప్పుకుంది. టైలరు డ్రమ్ము మీద చేతులు అలా పెట్టి ఉంచాడు.

అమ్మడు స్టేజీ దిగి నా దాకా నడిచొచ్చింది. ఎత్తిన చేతులు రెండూ కిందికి దించింది. చెవి దగ్గర నోరు పెట్టి, నాన్నా నేను పాడలేదు, అంది. పెదాలు కదిపానంతే, మిషను ఆన్ చెయ్యలేదు, అంది.

నాకు అర్థం కాలేదు. వినిపించింది కదా, అన్నాను.

అవును నాన్నా, నీకు వినిపించింది, అదే తెలుసుకుందామనుకున్నాను, అంది. ఆ రోజు నేను బాధపడతానని అబద్ధానికి చెయ్యెత్తావనుకున్నాను, ఇన్నాళ్లూ నీ మీద లోపల్లోపల కోపంగా ఉన్నాను, నువ్వు అబద్ధం ఆడలేదు, అంది. నా భుజం మీద తల పెట్టుకుంది. మిషను కన్నా ముందు నన్ను మార్చుకోవాల్సింది, అన్నాను. ఛ, ఊరుకో, అంది.

జూలై 27

ఏం విన్నాను మరి? పెరట్లో వినిపించింది తన గొంతేనా? గోడ దగ్గర వినిపించింది ఏనాటి పాట? ఆ పాట నాలో ఎంత నిండిపోయిందంటే, తను నోరు తెరిస్తే చాలు, మిగతాది నేనే పాడేసుకుంటున్నాను. ఎవరి కూతురైనా అయితే తేడా పట్టేవాడిని. నా కూతురు కావడంతో ఇంత పని జరిగింది.

కుక్కరు ఎన్ని కూతలు కూసిందో మా ఆవిడ ఇప్పుడు అడగడం లేదు. లేచి వెళ్లి తనే కట్టేస్తోంది.

ఆగస్టు 8

మాట ఉంటుంది, పాటకి మాత్రం ఆశ పెట్టుకోవద్దు. డాక్టరమ్మ నేరుగా చెప్పింది. అమ్మడు తలూపింది. బస్సులో వస్తూ నా చెయ్యి వదల్లేదు. చిన్నప్పుడు నేను తన చెయ్యి అలాగే పట్టుకుని స్టేజీ దాకా తీసుకెళ్లేవాడిని.

ఆగస్టు 15

పెద్దదాన్ని తిరిగిచ్చేద్దామని నేనన్నాను. ఇవ్వొద్దంది అమ్మడు. నా వైరు ఫిడేలుకి పెట్టండి, నా వంతు అదే పాడుతుంది, అంది. ఫిడేలమ్మాయి, నా వల్ల కాదక్కా, అని ఏడ్చింది. ఆ రోజు ఒడ్డుకి చేర్చింది ఎవరు మరి, అంది అమ్మడు. టైలరు ముక్కు చీదుకుని, ఇక మొదలెడదామా, నాకు కొట్లో పనుంది, అన్నాడు.

హాల్లో అమ్మడు నా దగ్గరికొచ్చి చెయ్యి చాచింది. కుర్చీ ఇచ్చేశాను. తను చంకన పెట్టుకుని, స్టేజీ వైపే చూస్తూ వెనక్కి నడిచింది. నడక అచ్చం నాదే. గోడకి కాస్త ఇవతల ఆగి, చెవి ఒగ్గి విని, మళ్లీ ఒక అడుగు ముందుకొచ్చి కుర్చీ వేసింది. ఆ వెనక ఇంకో కుర్చీ వెయ్యొద్దంది.

నా జన్మలో నేనెప్పుడూ ఒక అడుగు ముందుకి రాలేదు. నాకన్నా మంచి చెవి. ఎంత సంతోషమో. ఏడుస్తూ రాస్తున్నా, సంతోషమే.

ఆగస్టు 30

హాలు నిండింది. ఆఖరి వరసలో నేనూ అమ్మడూ. ఫిడేలు పడవ పాట ఎత్తుకుంది. రెండో చరణంలో నాకు తెలియకుండానే చెయ్యి లేచింది.

అమ్మడు దించలేదు. నా చెవి దగ్గరికి వంగి, ఎలా పాడుతున్నాను నాన్నా, అని అడిగింది.

చెప్పాను.