రాతి గడపలో గుంట

అక్కకు,

నీ చెల్లెలు రమణమ్మ దండాలు. నేను ఇక్కడ అరబ్బుల ఇంట్లో బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్లు, బావ దగ్గు ఎలా ఉన్నాయో దాచకుండా చెప్పు. నాకు తిండికి లోటు లేదు, పనీ అలవాటైపోయింది. నా గురించి బెంగపడొద్దు.

ఇక్కడే ఖైతాన్ అనే పేటలో ఉండే సుబ్బమ్మ వదిన సెలవుకి ఊరొస్తోంది, ఆమె చేతికే ఇది ఇస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకర్ గట్టిగా పెడతావు, వీధంతా వింటుంది. ఇది ఒక్కదానివే చదువుకో.

నెల నుంచి నాకు కుదురు లేదక్కా. కడిగిన గిన్నే మళ్లీ కడుగుతున్నాను. ఇస్త్రీ పెట్టె ఆపానో లేదో అని మూడుసార్లు మెట్లెక్కి చూస్తున్నాను. కారణం నీకు తెలుసు. పోయిన నెల పావనికి ఫోన్ ఇస్తానన్నావు. వెనక నుంచి నా కూతురి గొంతు వినపడింది: "నేను నిద్దరపోతాంటే చెప్పకుండా పాయ. ఇప్పుడు నాతో ఏం మాట్లాడల్లంట?" నువ్వు ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టావు గానీ నేను వినేశాను. మూడేళ్లయినా మరిచిపోలేదు నా తల్లి. ఈ వేసవిలో వచ్చి దాని ముందు నిలబడకపోతే అది ఇక నాకు దక్కదని భయం. ఇంటామెను, ఇక్కడ మామా అని పిలుస్తాంలే, సెలవు అడుగుదామంటే నోరు రావడం లేదు.

ఇంతలో పోయిన శుక్రవారం ఇంటిల్లిపాదీ ఫైలకా దీవికి వెళ్లాం, నన్నూ తీసుకెళ్లారు. పడవలో కూర్చోబుద్ధి కాక ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతూనే ఉన్నాను. అక్కడ రెండువేల ఏళ్ల నాటి గ్రీకుల ఊరు ఉంది. ఊరంటే గోడల మొదళ్లే మిగిలాయిలే. పిల్లలకు బడిలో చిక్కుప్రశ్నల కాగితం ఇచ్చారు, రాళ్ల మధ్య వెతికి జవాబులు రాయాలి. పెద్దవాడు ఫహద్ చకచకా రాసేశాడు గానీ ఒకదాని దగ్గర అందరూ ఆగిపోయారు. గడప రాతిలో ఈ గుంట ఎందుకు? దీపం పెట్టడానికన్నాడు ఫహద్. పిల్లి నీళ్లు తాగడానికంది ఆరేళ్ల నూరా. వాళ్ల నాన్న ఫోన్ తీశాడు, సిగ్నల్ లేదు.

నాకు నవ్వొచ్చింది. "ఇది తలుపు తిరిగే గుంట మామా, మా ఇంట్లోనూ ఉంది" అన్నాను. బండ మీద తలుపు ఒరిసిన వంకర గీత చూపించి, లోపలికి తెరుచుకునేదని కూడా చెప్పాను. "యల్లా, తొందరగా రాసెయ్!" అని పిల్లలు ఒకటే గంతులు. కిర్రుమంటే చుక్క నూనె వేస్తామని చెప్పబోయాను. నేను ఊరు విడిచిన రాత్రి కళ్ల ముందుకొచ్చింది.

గుర్తుందా అక్కా? బయల్దేరేటప్పుడు పిల్ల వెనక నుంచి పిలిస్తే శకునం మంచిది కాదంది అమ్మ. చప్పుడుకి లేస్తుందని నువ్వు గుంటలో చెనిక్కాయల నూనె పోశావు. నిన్ను అనడం లేదు, పొయ్యమన్నది నేనే. తలుపు నోరెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ రాళ్లలోనే కూలబడి ఏడ్చాను. మామా అడిగితే అంతా చెప్పేశాను. ఆమె నా పక్కనే బండ మీద కూర్చుంది. "బడికి సెలవులిచ్చాక వెళ్లు. రెండు నెలలు. ఖలాస్, ఇక అంతే" అంది. అని ఊరుకోకుండా, "నూరా నిద్రలో ఉన్నప్పుడు వెళ్లిపో. మెలకువగా ఉంటే ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తుంది" అంది.

"వద్దు మామా" అన్నాను. ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. "చెప్పే వెళ్తాను."

ఆ సాయంత్రమే నూరాకు చెప్పాను. చెప్పు విసిరింది. రెండు రోజులు నా చేతి అన్నం ముట్టలేదు. మూడో రోజు బొమ్మ తెచ్చి, "ఇది పావనికి. కానీ నువ్వే తిరిగి తేవాలి" అంది.

పావని పాదం కాగితం మీద గీసి ఫొటో పంపు, చెప్పులు కొంటాను. ఎవరి కోసం గీస్తున్నావో దానికి చెప్పే గియ్యి. అమ్మను దీవించమను. బావకు, వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు.

ఇంకొక్క మాట. నేను వచ్చాక మళ్లీ బయల్దేరే రోజు కూడా వస్తుంది. ఆ తలుపుకి ఇక నూనె పోయొద్దక్కా. కిర్రుమని ఊరంతా లేచినా సరే. పావని వెనక నుంచి పిలవనీ, శకునం ఏమైనా కానీ. తిరిగి దాని మొహం చూసే గడప దాటుతాను.

ఇట్లు
నీ చెల్లెలు
రమణమ్మ