పచ్చ తూటాలే పంపు

ఏసురాజు బావకి,

నా లైసెన్సు మీద నువ్వు శ్రీకాకుళంలో కొని పంపిన రెండు కంపెనీల తూటాలూ నాన్న పాత తుపాకీలో వేసి చూశాను. ఎర్రవాటి అడుగున మందు క్యాపు మెత్తన, తుపాకీ సుత్తి దెబ్బ పడగానే పేలుతున్నాయి. పచ్చవాటిది గట్టి, టిక్కుమని ఊరుకుంటున్నాయి.

నిన్న తెల్లారేసరికి మంచులో ఒక ఏనుగు, కోతకొచ్చిన మన వరిలో నిలబడి ఉంది. బెదరగొడదామని ఆకాశంలోకి గురిపెట్టి నొక్కాను. పచ్చ తూటా పేలలేదు. ఆ చిన్న చప్పుడుకే అది చెవులు విప్పి, నేనేదో చెప్పబోతున్నట్టు నావైపు చూసింది.

ఎర్రది తీస్తుంటే, నా వెనకే చేలోకొచ్చిన మెర్సీ నా చెయ్యి పట్టుకుంది. "ఆగు మావా, సూడు. పిల్ల నిద్దరోతన్నాది."

కంకుల మధ్య గున్న, మంచు కప్పుకుని పడుకుని ఉంది. అది లేచేదాకా తల్లేనుగుతో కలిపి ముగ్గురం కాపలా కాశాం.

సగం చేను పోయింది. ఊరంతటికీ తుపాకీ మాదొక్కటే కదా, పేల్చలేదేమని అందరూ నామీద కేకలు. ఈసారి పచ్చవే పంపు బావా. ఎవరైనా అడిగితే ఎర్రవి దొరకలేదని చెప్పు.

నీ బామ్మర్ది