ఏడు వేల యాభై మీద

మదీనాగూడ,
14 ఫిబ్రవరి 1999

చిరంజీవి గ్రేస్‌కు ఆశీస్సులు.

మీ నాన్న నాకు ఒక మాట ఇచ్చి తప్పాడు. ఇరవై ఒక్క ఏళ్ళయింది. పోయిన ఆదివారం నువ్వు ఆయన సెట్‌ను కారు వెనక సీట్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి నీ ముఖం మీదే చెప్పాలనుకున్నాను. తండ్రి పోయి రెండు నెలలు కూడా కాని పిల్లవని మా రుక్కమ్మ కళ్ళతోనే ఆపింది. ఫోన్లో చెబుదామని నిన్న మీ ఆఫీసుకు చేశాను. ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో ఆగమని చెప్పి పాట పెట్టింది. పాట మొత్తం విని పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

మీ నాన్నా నేనూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేశాం. ఇద్దరికీ హామ్ రేడియో పిచ్చి. సర్కారు లైసెన్సు తీసుకుని, ఇంట్లో సెట్ పెట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో గాలిలో మాట్లాడే సరదా. అప్పుడు ఈ రాష్ట్రంలో అలాంటి వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలో సగం మంది గొప్పలు చెప్పుకోవడానికే సెట్ కొన్నవాళ్ళు. మీ నాన్న అలా కాదు. అది ఒప్పుకుంటాను.

డెబ్భై ఏడు నవంబరులో దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. నా తమ్ముడు ఓంకార్ అక్కడే, అవనిగడ్డ దగ్గర కాలువల ఓవర్సీరు. తంతి తీగలు తెగిపోయాయి, వాడి జాడ లేదు. మీ నాన్న తన సెట్ తీసుకుని సాయానికి బయలుదేరాడు. నాంపల్లి స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "మీ తమ్ముడు ఎక్కడున్నా కనుక్కుంటానండి వీరేశం గారూ. రోజూ పొద్దున్నే ఏడింటికి, ఏడు వేల యాభై మీద పిలుస్తాను. మీరు కుర్చీ కదలకండి, చాలు."

ఏడు వేల యాభై అంటే కిలోసైకిళ్ళు. రేడియోలో మేం కలుసుకునే చోటు అనుకో.

నేను కుర్చీ కదల్లేదు. చెయ్యి తగిలి ముల్లు జరుగుతుందేమోనని నా సెట్ గుండీకి దెబ్బలకు వేసే ప్లాస్టర్ అంటించాను. ఏడు రోజులు ఏడింటికి కూర్చుని, విని, నేనూ పిలిచి, తొమ్మిదికి లేచాను. ఒక్క మాట రాలేదు. డిసెంబరు మూడున కార్డు వచ్చింది. ఓంకార్ ఉప్పెనలో పోలేదు. కాలికి గాయంతో ఒక బడిలో తొమ్మిది రోజులు పడి ఉండి, విషమెక్కి పోయాడు. బెజవాడలో మా బావమరిదికి లారీ ఉండేది. ఆ తొమ్మిది రోజుల్లో ఏ రోజు కబురు అందినా వాణ్ణి పెద్ద దవాఖానకు చేర్చేవాళ్ళం.

సంక్రాంతి ముందు మీ నాన్న సెట్ చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"నేను పిలిచానండి. ఏడు రోజులూ పిలిచాను."

"ఎవర్ని పిలిచినవ్? గాలినా?"

"సెట్ తెచ్చాను. ఒకసారి మీరే విప్పి చూడండి."

"నీ సెట్ నేను ముట్ట. ఇగ నా గడప తొక్కకు, పో."

పోయాడు. ఆ తరువాత ఒకే ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు, రిటైరయ్యేదాకా, ఒకే క్యాంటీన్లో వేరు వేరు బల్లల మీద తిన్నాం. కనబడిన ప్రతివాడికీ మీ నాన్న ఏం చేశాడో చెప్పాను. తెలియని వాళ్ళు ఎవరూ మిగలకుండా చెప్పాను.

ఇప్పుడు నువ్వు వచ్చి ఏమన్నావు? "అంకుల్, ఈ సెట్ ఎవరికైనా ఇవ్వు గానీ వీరేశం గారి చేతికి మాత్రం ఇవ్వొద్దని నాన్న చెప్పారు. అయినా తెచ్చాను. వాల్వుల సెట్ బాగుచేసేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదు. ఒక్కసారి వెలిగితే చూడాలని అమ్మకు ఆశ."

ఎందుకు ఇవ్వొద్దన్నాడో నాకు తెలుసమ్మా. సెట్ విప్పితే అది నిక్షేపంగా ఉందని తేలుతుంది. నిక్షేపంగా ఉన్న సెట్‌తో పిలవలేదంటే, పిలవాలని లేదన్నమాట. అది నా చేతుల మీద తేలకూడదని ఆయన భయం.

బాగుచేస్తాను. మీ అమ్మ ప్రిస్కిల్లా కోసం కాదు, నీ కోసం కూడా కాదు. తేల్చడానికి.

ఇట్లు,
వీరేశం

~

మదీనాగూడ,
1 మార్చి 1999

చిరంజీవి గ్రేస్‌కు,

నీ జవాబు అందింది. 'మా నాన్న అబద్ధం ఆడరు అంకుల్' అని రాశావు. కూతుళ్ళు అలాగే రాయాలి.

సెట్ సంగతి చెబుతాను. మూత తీయగానే బొద్దింకల గుడ్లు. దులిపి, బ్రష్‌తో స్పిరిట్ పెట్టి తుడిచేసరికి రెండు రోజులు పట్టింది. వాల్వులు పద్దెనిమిదీ ఊడదీసి, కాళ్ళు గీకి, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి నంబరు వేశాను. పెద్ద కండెన్సర్లు నాలుగూ ఎండిపోయాయి. కోఠి గుజరాతీ గల్లీలో దుకాణం కుర్రవాడు, "ఇంత ఓల్టేజీ కండెన్సర్ ఎందుకు సాబ్, టీవీ పేల్చేస్తరా?" అని నవ్వాడు. మూడో దుకాణంలో దొరికాయి. ఇన్నేళ్ళు నిద్రపోయిన సెట్‌కు ఒకేసారి కరెంటు ఇవ్వకూడదు. ఒక బల్బును అడ్డం పెట్టి, ముప్పై ఓల్ట్ల నుంచి గంటకు కొంత చొప్పున పెంచాను. రెండో రోజు మధ్యాహ్నానికి వాల్వుల్లో ఎర్రటి వెలుగు వచ్చింది.

ఇలాంటప్పుడు మనసు కదులుతుందని చాలా పుస్తకాల్లో చదివాను. చదవడంలో నాకు తక్కువేం లేదు. నాకు ఏమీ కదల్లేదు. దుమ్ము కాలిన వాసన వచ్చింది, కిటికీ తీశాను. మాదాపూర్ వైపు రాళ్ళు పేలుస్తున్నారు. మీ ఆఫీసున్న గుండ్రటి మేడ చాలదని ఇంకా కడుతున్నారు కాబోలు.

రుక్కమ్మ టీ తెచ్చి వాకిట్లోనే నిలబడింది.

"మంచిగనే వెలుగుతుంది గద. ఇగ ఆ పిల్లకు ఇచ్చెయ్."

"ఇంకా తేల్చేది ఉంది."

"చచ్చినోని మీద ఏం తేలుస్తవయ్యా? నీ నోటికి భయపడి ఆయన మన గల్లీకే రాకుండ పోయిండు. చాలలేదా?"

"నా తమ్ముడు పోయిండే!"

"నాకు మరిది గాదా? నేనేమన్న ఊరంత చాటింపు ఏసిన్నా?"

ఆమెతో వాదించి నేను ఎప్పుడూ గెలవలేదు.

ఏరియల్ బదులు నూరు వాట్ల బల్బు తగిలించి మైకులో మాట్లాడాను. గాలిలోకి పోవలసిన శక్తి బల్బులోకి పోతుంది. నా పేరు చెప్పగానే బల్బు భగ్గుమంది. ఆగితే ఆరింది. అంటే సెట్‌లో పంపే భాగం పూర్తిగా బాగుంది. కండెన్సర్లు తరువాత ఎండాయి, ఆ రోజుల్లో కొత్తవి. నేను అన్నదే నిజమైంది. పలికే సెట్ పక్కన పెట్టుకుని మీ నాన్న ఊరుకున్నాడు.

ఒక్కటే మిగిలింది. హామ్ అన్నవాడు ఏ రోజు ఏ గంటకు ఎవరిని పిలిచాడో ఒక పుస్తకంలో రాసి తీరాలి, అది చట్టం. లాగ్ బుక్ అంటాం. మీ నాన్నది మీ అమ్మ దగ్గర ఉంటుంది. పంపు. ఆ ఏడు రోజుల పేజీలు ఖాళీగా ఉంటాయి, లేదా తరువాత కూర్చుని రాసిన అబద్ధం ఉంటుంది. ఒకేసారి కూర్చుని రాసిన ఏడు రోజులు ఒకే సిరా రంగులో ఉంటాయి. నేను కనిపెట్టగలను.

ఇట్లు,
వీరేశం

~

మదీనాగూడ,
16 మార్చి 1999

గ్రేస్ తల్లీ,

లాగ్ బుక్ అందింది. ఏడు రోజులకూ ఏడు చోట్ల రాశాడు. మూడు రోజులు పెన్సిలు, రెండు రోజులు నీలం, ఒక రోజు వాన పడి అలుక్కుపోయింది, చివరి రోజు మళ్ళీ పెన్సిలు. ఒకే రోజు కూర్చుని రాసింది కాదు.

రెండో రోజుది నీకూ తెలియాలి, మీ అమ్మకు చదివి వినిపించు. 'ఉదయం ఏడు. ఏడు వేల యాభై. వీరేశం గారికి పిలుపు. ఓంకార్ దొరికాడు, కాలికి గాయం, బండి పంపాలి. జవాబు లేదు.' నాలుగో రోజుది: 'జనరేటర్ అరగంటే ఇస్తున్నారు. ముప్పై నిమిషాలూ పిలిచాను. జవాబు లేదు. పక్కకు జరిగి వెతుకుదామా అనుకున్నాను. ఆ నిమిషంలోనే ఆయన పిలిస్తే? డయల్ సరిగ్గానే ఉంటుంది, వీరేశం గారు పెట్టింది.'

ఆ ఆఖరి మాట దగ్గర పుస్తకం మూసి, సెట్ దగ్గరికి వెళ్ళాను.

ప్రయాణం రోజు పొద్దున ఆ సెట్ నా బల్ల మీదే ఉంది. డయల్ జారుతోందని మీ నాన్న తెచ్చాడు. నేనే బిగించి, మళ్ళీ అంకెలకు సరిపెట్టాను. సరిపెట్టడానికి సెట్‌లోనే ఒక చిన్న స్ఫటికం ఉంటుంది. అది ప్రతి ఇరవై ఐదు కిలోసైకిళ్ళకూ ఒక ఈల వేస్తుంది. బొంబాయి రోడ్డు మీద మైలురాళ్ళు ఉన్నాయి, వాటి మీద అంకెలు లేవు, అలా అనుకో. రాయి దగ్గర ఉన్నావని తెలుస్తుంది. ఏ రాయో నీకే తెలిసి ఉండాలి. అందుకే చివర రెండో సెట్‌తో పోల్చి చూసుకోవాలి. నా సెట్ మూరెడు దూరంలో ఉంది. రెండు రాత్రులు నిద్ర లేదు, తమ్ముడి జాడ లేదు, రైలుకు టైమైంది. ఈల వినిపించగానే బిగించేశాను. మర కదలకుండా లక్క పెట్టాలి. లక్క అయిపోయింది. రుక్కమ్మ గోళ్ళ రంగు ఎర్రటి బొట్టు ఒకటి పెట్టాను.

ఆ బొట్టు పగలకుండా అలాగే ఉంది. ఎవరూ ఆ మర తిప్పలేదు.

ఈ మధ్య కొన్న మీటరు ఒకటి ఉంది, సెట్ ఎక్కడ పలుకుతోందో అంకెల్లో చూపిస్తుంది. తగిలించాను. డయల్ ఏడు వేల యాభై మీద పెట్టి మైకు నొక్కాను. మీటరు ఏడు వేల ఇరవై ఐదు అంది. ఆపి మళ్ళీ నొక్కాను. ఇరవై ఐదే. టీ తాగి వచ్చి మూడోసారి నొక్కాను.

పక్క రాయి.

మీ నాన్న మాట తప్పలేదు. పిలిచాడు. ఏడింటికే, ఏడు రోజులూ పిలిచాడు. అదే గంటకు నేనూ పిలిచాను. ఇద్దరం ఇరవై ఐదు ఎడంలో కూర్చున్నాం. ప్లాస్టర్ తీసి నా గుండీ కాస్త తిప్పినా ఆయన గొంతు వినబడేది. నేను తిప్పలేదు. నేను పెట్టిన డయల్ మీద నమ్మకంతో ఆయనా తిప్పలేదు. ఓంకార్ కబురు అందకుండా చేసింది నేను.

వంటింట్లోకి పోయి రుక్కమ్మకు చెప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అంతా విని, "ఆ గోళ్ళ రంగు నాదేనా?" అంది. నీదేనన్నాను. కాసేపు ఒలిచింది. "ప్రకాశమన్న పెండ్లానికి మొకమెట్ల చూపిస్తవు?" అంది. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. సాయంత్రం పేపరు చదివాను. అన్నం తిన్నాను. వచ్చే ఆదివారం మియాపూర్‌లో మీ ఇంటికి వస్తాను. రుక్కమ్మ కూడా వస్తుంది. సెట్ వెలిగించి మీ అమ్మకు చూపించి, నేను ఊరంతా చెప్పింది అబద్ధమని ఆమె ముందు చెబుతాను. ఎర్ర బొట్టు పగలగొట్టి డయల్ సరిచేశాను. ఫ్యాక్టరీలో విన్నవాళ్ళు ఇంకా పదకొండు మంది బతికి ఉన్నారు. వాళ్ళందరికీ కార్డులు రాశాను. మునిస్వామికి చదువు రాదు, కొడుకు చదివి వినిపిస్తాడు.

ఇక్కడితో ఆపవలసింది. లాగ్ బుక్‌లో ఇంకో పేజీ ఉంది. నువ్వు చూసి ఉండవు, ఆ ఏడు రోజుల తరువాత చాలా పేజీలు ఖాళీ వదిలి, వెనక అట్ట దగ్గర రాశాడు. 19 జనవరి 1978. నేను గడప తొక్కొద్దన్న వారానికి. 'బెంగుళూరులో రంగనాథ్ గారి ల్యాబులో సెట్ సరిచూశాం. డయల్ ఇరవై ఐదు కిందికి ఉంది. ఎర్ర సీలు వీరేశం గారిది. ఈ సంగతి ఆయనకు తెలియకూడదు. తమ్ముణ్ణి తానే పోగొట్టుకున్నానని తెలిస్తే ఆ మనిషి బతకడు. నన్ను తిట్టుకోనీ.' కింద సంతకం. ఆ తరువాత ఏ తేదీ లేదు. ఆయన మళ్ళీ సెట్ పెట్టలేదు.

నా చేతికి ఇవ్వొద్దన్నది అందుకు.

మీ నాన్న దేవుడని రాస్తానని నువ్వు అనుకోవచ్చు. రాయను. ఆ మనిషి బతకడు అని రాశాడే, ఎవరు చెప్పారు ఆయనకు? ఇవాళ తెలిసింది, బతికే ఉన్నాను, అన్నం తిన్నాను. అప్పుడు నాకు నలభై ఆరు. తెలిసి ఉంటే ఏడ్చేవాణ్ణి, ఏడవడం అప్పటికి ఇంకా వచ్చు. ఓంకార్ కోసం సరిగ్గా ఏడ్చి, మీ నాన్న కాళ్ళు పట్టుకుని, మరుసటి రోజు ఒకే బల్ల మీద అన్నం తినేవాళ్ళం. నిన్ను ఎత్తుకుని తిప్పేవాణ్ణి. దానికి బదులు, చెయ్యని తప్పుకు ఒక మనిషిని ఇరవై ఒక్క ఏళ్ళు ద్వేషించాను. ఆయన పక్క బల్ల మీద కూర్చుని, తెలిసి, నన్ను ద్వేషించనిచ్చాడు. ఎవరైనా మజ్జిగ గిన్నె జరిపితే తీసుకుని, తల వంచుకుని తిన్నాడు. నిజం మోయలేనంత చిన్నవాణ్ణని నన్ను ఆయన ఒక్కడే తేల్చేశాడు. నేను అంత చిన్నవాణ్ణి కాను. కానో అవునో చూపించుకునే అవకాశం కూడా నాకు మిగల్చలేదు.

డయల్ తప్పు నాది. తమ్ముడి చావు నాది. ఊళ్ళో ఆయన పరువు తీసింది నేను. వీటికి ఇంకెవరి మీదా నెపం పెట్టను. కాని ఆ ఇరవై ఒక్క ఏళ్ళు నావి కావు, వాటిని తీసుకున్నది వేరే మనిషి. ఆదివారం మీ అమ్మ ముందు చేతులు జోడించినప్పుడు కూడా ఇది నా మనసులో ఉంటుంది, దాచను. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఒక్క మనిషినే, మీ నాన్న జ్ఞానప్రకాశాన్ని.

వీరేశం