సబీహాకు ఇచ్చిన నెత్తురు

పద్మా, ఎలా ఉన్నావు... అలవాటు కొద్దీ అడిగాను. నువ్వు వెళ్ళిపోయి ఒక వానాకాలం గడిచింది.

సంతోష్‌నగర్ ఇంట్లో ఇప్పుడు నేనొక్కడినే. బస్సు డిపో నుంచి వచ్చి టీవీ పెడతాను, ఏం వస్తోందో చూడను. నువ్వుంటే ఉల్లిగడ్డలు కోస్తూ నీ ల్యాబు సంగతులు చెప్పేదానివి. "ఎర్ర కణం లోపల పొటాషియం మస్తుగుంటది, బయట తక్కువ. పొర దెబ్బతింటే అది బయటికి కారిపోతది. ఎంబడి నీళ్లు గూడ పోతయి, కణం ముడుసుకపోతది" అనేదానివి. ఆ పొరను దెబ్బతీసేవి మనం పీల్చే ఆక్సిజన్ నుంచి పుట్టేవేనట. బతికించేదే అలా ఎందుకు చేస్తుంది పద్మా? ఇప్పుడు ఎవరిని అడగను...

పోయిన నెల నీ శిష్యురాలు సబీహా ఫోన్ చేసింది. మొదట ఎత్తలేదు. ఓదార్పు మాటలు వినే ఓపిక లేదు. మళ్ళీ చేసింది. నీ ప్రయోగంలో ఆఖరి భాగం మిగిలిపోయిందట. దెబ్బతిన్న కణాలకు వెంటనే మందు కలిపితే పొటాషియం కారడం తగ్గుతుందా లేదా అన్నది చూడాలట. అంతకుముందువన్నీ నా నెత్తురుతోనే చేశావు కదా, ఇదీ నాదే అయితే పోల్చడానికి బాగుంటుందని అడగలేక అడిగింది.

వెళ్ళాను. చాంద్రాయణగుట్టలో బస్సు మారి, టిఫిన్ చేసే నీ ల్యాబుకు వెళ్ళాను. "ఏమన్న తిని రా. నీ నెత్తురుతోని నాకు పనుంది, నువ్వు కండ్లు తిరిగి పడితే ఇంకో పని" అనేదానివిగా.

సూది గుచ్చింది సబీహానే. రెండోచోట గుచ్చితేగానీ నరం దొరకలేదు. "కదలకు జర. మొగుడివైతే ఏంది, సూది సూదే" అన్న నీ మాట గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. నొప్పేమోనని ఆ అమ్మాయి సారీ చెప్పింది. అవును, కొంచెం నొప్పేనన్నాను.

ఇంటికి పోబుద్ధి కాక సాయంత్రం దాకా వరండాలోనే కూర్చున్నాను. సబీహా బయటికొచ్చి చెప్పింది. వెంటనే మందు కలిపిన వాటిలో కారడం బాగా తగ్గింది. ఆలస్యంగా కలిపిన వాటిలో తగ్గలేదు. నువ్వు అనుకున్నదే పద్మా... మేడం ఉంటే అంటూ ఆమె ఆగిపోయింది. ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే నీకు గట్టిగా చెప్పేశాను. పక్కింటివాళ్లు టీవీ సౌండు తగ్గించారు. నేను మన టీవీ పెట్టాను.

తర్వాత కూడా వెళ్ళి ఇచ్చాను. ప్రతిసారీ అదే ఫలితం.

నిన్న సబీహా ఈ ప్రయోగం మీద అచ్చుకు పంపే వ్యాసం చూపించింది. పైన అందరికంటే ముందు నీ పేరు. పక్కన చిన్న గుర్తు, ఆ మనిషి ఇక లేరని. లోపలెక్కడో ఒక వాక్యం, నెత్తురు ఇచ్చింది ఆరోగ్యవంతుడైన ఒక పురుషుడని. పేరు రాయకూడదట. ఫరవాలేదు, నేనేనని నీకు తెలుసు. ఇన్నాళ్లకు మనిద్దరం మళ్ళీ ఒక్కచోట ఉన్నాం, కాగితం మీదైనా...

సబీహా ఇప్పుడు తన సొంత పని మొదలుపెడుతోంది. దానికీ నెత్తురు కావాలి. నేనిస్తానని చెప్పాను.

నీ
యాదగిరి