డాబా మీద ఐదు ముక్కలు

పలాస,
మే 2004

ఒసే శిరీషా,

ముందు కూర్చో, తర్వాత చదువు. హాస్టల్లో నువ్వు నేర్పిన ఐదు పేక ముక్కల విద్య పనిచేసింది!

నాకూ ఏలియాకూ సంబంధం కలిపితే బాగుంటుందని పాస్టరమ్మ ఇద్దరి చెవినా వేసిందని రాశాను కదా. నేను అవునని, అతను కాదంటే? ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం చర్చిలో పక్కపక్కనే నిలబడి పాడాలి! అందుకే జీడిపిక్కలు ఆరబోసిన మా డాబా మీదికి అతన్ని పిలిచాను.

నువ్వు కవర్లో పంపిన ముక్కలే. చెరో ఎర్రది, చెరో నల్లది, మధ్యలో ఇంకో ఎర్రది, అన్నీ బోర్లా. ఇష్టమైతే మధ్య ముక్క పక్కన మన ఎర్రది పెట్టాలి, లేకపోతే నల్లది; మిగిలినది దానికి అవతల. తర్వాత వరుస చెడకుండా దొంతర చేసి, ఏది ఎవరిదో తెలియకుండా కోసి కోసి, గుండ్రంగా పరిచాం. మూడు ఎర్రవీ ఒక్కచోట చేరితే ఇద్దరికీ ఇష్టమే. చేరకపోతే, కాదన్నవాళ్లకు అవతలివాళ్ల మనసు ఎప్పటికీ తెలియదు.

తిప్పాం. మూడూ ఒక్కచోటే!

నేను కెవ్వుమన్నాను. ఆ కేకకు చర్చిపెద్ద అయిన మా నాన్న పరిగెత్తుకొచ్చారు.

"డీకను డాబా మీద పేకాటేటి!"

ఏలియా గబుక్కున లేచి, "పేకాట కాదండీ, పెళ్లి" అనేశాడు.

నాన్న గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "పేకాట కాదా! దేవునికి స్తోత్రం. బతికించీసినావురా" అంటూ మెట్లు దిగిపోయారు.

సగం దిగాక ఆగారు.

"ఎవలి పెళ్లిరా?"

ఆ కేక వీధి చివరి కొట్టు దాకా వినబడింది. అంత గుట్టుగా తీసిన జవాబు కాస్తా వీధిపాలైంది!

నీ రూమ్మేటు