కోటు అస్తరులో దొరికినవి

చెల్లీ,

ఇది నా మామూలు వేళాకోళం కాదే, నీ మీద ఒట్టు. మీ ఎదురింటావిడ కుట్టిన బట్టలు తీసుకోవడానికి నా కొట్టుకి వస్తే ఆవిడ చేతికే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. చదవగానే పొయ్యిలో పడెయ్.

మీ ఆయన పొద్దున కోటు ఇచ్చి వెళ్ళాడు, అస్తరు మార్చమని. జేబు లోపల చిరిగిన సంగతి పాపం ఆయనకే తెలీదు. అస్తరు విప్పితే గుప్పెడు మాత్రలు రాలాయి. నీ మూర్ఛ మాత్రలే, ఆ పసుపుపచ్చవి, మధ్యలో గీత ఉన్నవి. రోజూ తన చేత్తో నీ నోట్లో వేస్తాడని వీధంతా మెచ్చుకుంటుందే, మరి ఇవి ఇక్కడుంటే నువ్వు మింగుతున్నదేమిటి? ఆ మత్తు, ఆ తూలుడు, మానిపోయాయనుకున్న మూర్ఛలు మళ్ళీ రావడం ఊరికేనా?

ఇందాక పరిగెత్తుకుంటూ వచ్చాడు. "వదినా, లోపలేమైనా దొరికిందా?" అన్నాడు.

"మీ బుర్రేమైనా జారిపడిందా మరిదిగారూ?" అన్నాను.

నేను ఏది అన్నా పడీ పడీ నవ్వేవాడు, ఇవాళ నవ్వలేదు. ఇంకా విప్పనే లేదని బొంకి పంపేశాను. అప్పట్నుంచీ సూది గుడ్డకి బదులు వేళ్ళల్లో దిగుతోంది.

ఇవాళ ఆయన ఇచ్చేది మింగకు. దవడన పెట్టుకుని, అటు తిరగ్గానే రుమాల్లోకి ఊసెయ్. డాక్టరుకి చూపిద్దాం. సంచీ సర్దకు, ఏడవకు. "అక్క నా కొత్త జాకెట్టు చేతులు రెండూ కలిపి కుట్టేసిందట, వెళ్ళి దులిపేసి వస్తా" అని చెప్పి బయటపడు. నా సంగతి తెలిసినవాడేగా, నమ్ముతాడు.

కొట్టు వాకిట్లోనే నీకోసం నిలబడి ఉంటాను.

మీ అక్క